కంప్యూటరెక్కిన కేస్ షీటు: చేయవలసినవి, చేయకూడనివి

డాక్టరు గారు కీబోర్డు మీద ఎం, ఇ, టి అని మూడక్షరాలు కొట్టగానే తెర మీద మందుల జాబితా జారుతుంది. మెట్‌ఫార్మిన్, మెథోట్రెక్సేట్, మెటోప్రోలాల్, మెట్రోనిడజోల్. షుగరుకి ఒకటి, కీళ్లవాతానికి ఒకటి, బీపీకి ఒకటి, జిగట విరేచనాలకి ఒకటి. మౌస్ ఒక్క వరుస కిందికి జారితే షుగరు మనిషి చేతికి కీళ్లవాతం మందు పోతుంది. పాత కోడిగీతల చీటీ అయితే మందుల షాపతను కళ్లు చికిలించి చూసి, అర్థం కాక, క్లినిక్‌కి ఫోన్ చేసి అడిగేవాడు. అచ్చక్షరాల్లో శుభ్రంగా వచ్చిన తప్పుని అడిగే నాథుడుండడు. కాగితం నుంచి కంప్యూటరుకి మారుతున్న క్లినిక్‌లకు నేను చెప్పదలచిన జాగ్రత్తలు చాలావరకు ఈ భయంలోంచి పుట్టినవే.

మారొద్దని అనడం లేదు. రోగుల వివరాలను కంప్యూటరులోకి ఎక్కించే ప్రయత్నం చేయాలని వైద్య మండలి నిబంధనలు 2002లోనే చెప్పాయి. 2021 సెప్టెంబర్ 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలయ్యాక ఊపు పెరిగింది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఐస్మార్ట్ పేరుతో సొంతంగా రికార్డు వ్యవస్థను తయారుచేసుకుని పల్లెల్లోని కంటి కేంద్రాల దాకా వాడుతోంది. పనిచేసేవాళ్లు పట్టించుకుంటే ఇది బాగా నడుస్తుందనడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు. అమ్మినవాడు వచ్చి రెండు గంటలు చూపించి వెళ్లిపోయే చిన్న క్లినిక్‌ల గురించే నా బెంగంతా.

ముందు మనిషి ఎవరో తేల్చుకోండి

మన దగ్గర ఒక ఫోన్ నంబరు కొడితే ఇంటిల్లిపాదీ తెర మీదికి వస్తారు. అత్త, కోడలు, మనవడు, పక్కింటి పెద్దాయన, అందరికీ కొడుకు నంబరే. అత్త పేరు వెంకటలక్ష్మి, కోడలి పేరు లక్ష్మి. కౌంటరు దగ్గర క్యూ పెరిగినప్పుడు అత్త బీపీ కోడలి ఖాతాలో పడడానికి ఎంతో సేపు పట్టదు. ఆ కోడలు గర్భిణి అయితే, ఆ అంకె చూసి తర్వాతి డాక్టరు ఏం చేస్తారో ఊహించుకోండి.

కాబట్టి ఫోన్ నంబరుని వెతకడానికి వాడండి, గుర్తించడానికి వాడకండి. పేరుతో పాటు వయసో, భర్త పేరో, తండ్రి పేరో, క్లినిక్ ఇచ్చిన నంబరో రెండోది ఒకటి సరిపోలాల్సిందే. పుట్టిన తేదీని గుడ్డిగా నమ్మకండి. ఆధార్‌లో జనవరి 1న పుట్టినవాళ్లు మన ఊళ్లలో కోకొల్లలు. ఇంకో ముఖ్యమైన సంగతి: "మీరేనా లక్ష్మిగారు?" అని అడగకండి. సగం మంది చెవిన పడకపోయినా తలూపుతారు, పిలిచారు కదా అని లేచి వస్తారు. "మీ పేరేమిటమ్మా, వయసెంత?" అని వాళ్ల నోటనే చెప్పించండి.

ఒకే మనిషికి రెండు ఖాతాలు తయారయ్యాయని తెలిస్తే తొందరపడి రెంటినీ కలిపేయకండి. కలపడం ఒక్క బటన్ పని, విడదీయడం ఒక్కోసారి అసాధ్యం. ఆ పని డాక్టరు చూసి, సరేనన్నాకే జరగాలి.

మందు రాసేచోట

మెథోట్రెక్సేట్ పేరు పైన ఊరికే ఎత్తలేదు. కీళ్లవాతానికీ, సొరియాసిస్‌కీ దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అలా పోయిన ప్రాణాలు ప్రపంచంలో చాలా దేశాల్లో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో ఏ మందు ఎంచుకున్నా "రోజుకొకటి" అని దానంతటదే పడేలా పెట్టి ఉంటుంది. డాక్టరు మార్చడం మర్చిపోతే యంత్రం గుర్తుచేయదు సరికదా, చక్కగా అచ్చు వేసి ఇస్తుంది. వారపు మందుల జాబితా ఒకటి రాసుకుని, వాటికి ఆ ముందస్తు అమరికను కంపెనీవాళ్లతో తీయించండి. చీటీ మీద "వారానికి ఒక్కసారి, ఫలానా రోజు మాత్రమే" అని తెలుగులో పడాలి.

పిల్లల సిరప్పుల దగ్గర ఇంతకంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. పారాసెటమాల్ సిరప్పు 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములున్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. చంటిపిల్లల చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుంటాయి. "పారాసెటమాల్ 5 ఎం.ఎల్." అని మాత్రమే అచ్చయిన చీటీతో షాపుకి వెళ్లి, చుక్కల సీసా తెచ్చుకుని 5 మిల్లీలీటర్లు పోస్తే 500 మిల్లీగ్రాములు పోసినట్టు. అది పెద్దవాళ్ల మోతాదు. అందుకని మందు బలం, మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు మూడూ చీటీ మీద కనపడాలి. ఈ రోజు తూచిన బరువు ఎక్కించకుండా పిల్లలకు మందు రాయడానికి వీల్లేకుండా సాఫ్ట్‌వేరులో అడ్డు పెట్టించండి. పోయిన సంవత్సరపు బరువు పిల్లల విషయంలో బరువే కాదు.

ఇన్సులిన్ సంగతీ అంతే. మన దేశంలో సీసాలు చాలావరకు మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, పెన్నుల్లో వేసేవి 100 యూనిట్లవి. ఎర్ర మూత సిరంజి 40 యూనిట్ల సీసాకి, నారింజ రంగు మూతది 100 యూనిట్ల సీసాకి. సిరంజి మారితే మోతాదు రెండున్నర రెట్లు అటో ఇటో అవుతుంది. యూనిట్లు అనే మాటను పూర్తిగా రాయండి, ఇంగ్లీషు యు అక్షరం వేసి వదిలేయకండి. అది సున్నాలా కనపడుతుంది, 4 కాస్తా 40 అవుతుంది. 5.0 అని రాయకండి, 5 చాలు. అర మిల్లీగ్రాముకి చుక్క ముందు సున్నా తప్పనిసరి: 0.5.

పడని మందుల గడి గురించి ఒక మాట. "ఎలర్జీ ఏమీ లేదు" అని ముందే టిక్కు పడి ఉండే సాఫ్ట్‌వేరు మెడలో కట్టుకున్న పాము. అడిగితే లేదన్నారా, అసలు అడగనే లేదా అన్నది దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. "అడగలేదు", "అడిగాం, లేదు", "ఉంది" అని మూడు విడివిడిగా ఉండాలి. అడిగేటప్పుడు ఎలర్జీ అనే మాట పెట్టుకోకండి. "ఏ మందైనా, ఏ ఇంజెక్షనైనా పడక దద్దుర్లు, ఆయాసం వచ్చాయా?" అంటే పెద్దమ్మ వెంటనే చెబుతుంది, తనకే కాదు, తన కూతురికి పడనిది కూడా చెబుతుంది. ఆ రెండోది ఆమె ఖాతాలో ఎక్కించకండి.

హెచ్చరికల డబ్బాలు మాటిమాటికీ తెర మీదికి దూకితే చెయ్యి అలవాటుగా "సరే" నొక్కేస్తుంది, ప్రాణాంతకమైన హెచ్చరిక వచ్చినా అదే వేలు అదే పని చేస్తుంది. చిన్నాచితకా వాటిని తీయించేసి, నిజంగా ఆగాల్సినవే ఉంచండి. వాటిని దాటాలంటే కారణం టైపు చేయాల్సిందేనని పెట్టండి. విసుగ్గానే ఉంటుంది. ఉండాలి.

పాత పేజీని దించేయడం

"పోయినసారిది కాపీ చెయ్యి" అనే బటన్ ఇష్టపడని డాక్టరు నాకు కనపడలేదు. రోజుకి ఎనభై మందిని చూసేచోట అది వరమే. కానీ కాపీలో బీపీ, నాడి, బరువు కూడా వచ్చేస్తాయి. మూడు నెలలపాటు ఒక మనిషి బీపీ 130/80 దగ్గరే స్తంభించిపోయి ఉందంటే మందు పనిచేసిందని కాదు, ఎవరూ కొలవలేదని. మందుల జాబితాను కాపీ చేసుకోండి, రోగి ముందు ఒక్కొక్కటీ చదివి ఉందా, ఆపారా అని అడగండి. కొలతలనూ, పరీక్ష చేసి చూసినవాటినీ ఎప్పుడూ కాపీ చేయకండి. చెయ్యి వేసి చూడని పొట్టకు "మెత్తగా ఉంది, నొప్పి లేదు" అని రెడీమేడ్ వాక్యం పెట్టడం అబద్ధపు సాక్ష్యం, రేపు కోర్టుకెళ్తే దానికి వేరే పేరుండదు.

తప్పు రాశామని తర్వాత తెలిస్తే చెరిపేయకండి. తేదీ, వేళ, పేరుతో కొత్త వాక్యం కింద చేర్చండి. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో సాఫ్ట్‌వేరు లోపల రాసిపెట్టుకుంటుంది. ఫిర్యాదు వచ్చాక దిద్దిన రికార్డు, దిద్దని తప్పుకంటే ఎక్కువ హాని చేస్తుంది.

ల్యాబు రిపోర్టు విషయంలో ఒక భ్రమ ఉంది. "కంప్యూటరులో పెట్టేశాం" అంటే డాక్టరు చూసినట్టని ల్యాబువాళ్లు అనుకుంటారు. శనివారం రాత్రి పొటాషియం 6.8 వచ్చి ఇన్‌బాక్సులో కూర్చుంటే సోమవారం దాకా ఎవరూ తెరవకపోవచ్చు. గుండె అంత సేపు ఆగదు. ప్రమాదపు అంకెలు ఏవో ముందే రాసిపెట్టుకోండి. అవి వస్తే ఏ వేళైనా సరే ఫోన్ చేసి నోటితో చెప్పాలి, విన్నవాళ్ల పేరు రాసుకోవాలి. కంప్యూటరు ఆ పని చేస్తుందని ఎవరు చెప్పినా నమ్మకండి.

పాస్‌వర్డు, వాట్సాప్, రిసెప్షన్ బల్ల

మానిటరు అంచున పసుపు కాగితం మీద డాక్టరు గారి పాస్‌వర్డు అంటించి ఉండడం, కాంపౌండరు, నర్సు, రిసెప్షన్ అమ్మాయి ముగ్గురూ దానితోనే లోపలికి వెళ్లడం మనకు మామూలు దృశ్యం. దాని అర్థం ఏమిటంటే, ఆ క్లినిక్‌లో ఎవరు ఏం రాసినా చట్టం ముందు డాక్టరు గారు రాసినట్టే. ప్రతి మనిషికీ వేరే లాగిన్ ఇవ్వండి. రిసెప్షన్‌కి పేరు, టోకెను, బిల్లు కనపడితే చాలు, రోగం కనపడనక్కర్లేదు. పని మానేసి వెళ్లిన ఉద్యోగి లాగిన్ ఆ సాయంత్రమే మూసేయండి.

వాట్సాప్‌లో రిపోర్టు పంపడం ఆపలేమని నాకూ తెలుసు. కనీసం ఇవి పాటించండి. స్టాఫు సొంత ఫోన్లలోంచి కాకుండా క్లినిక్ ఫోన్‌లోంచే పంపండి, నంబరు చదివించుకుని పంపండి, ఇంట్లో అందరూ చూసే ఫోనా అని అడిగి పంపండి. హెచ్ఐవీ, గర్భస్రావం, మానసిక చికిత్స సంబంధమైనవి అసలు పంపకండి. హెచ్ఐవీ వివరాలను రోగి అంగీకారం లేకుండా బయటపెట్టకూడదని 2017 నాటి చట్టం ప్రత్యేకంగా చెబుతుంది. మానసిక చికిత్స వివరాల గోప్యతకు అదే సంవత్సరం వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం ఉంది. ఇవి బయటపడితే ఏమవుతుందో ఫిన్లాండ్ చూసింది. అక్కడ వాస్తామో అనే మానసిక చికిత్సా సంస్థ రికార్డులు దొంగిలించినవాళ్లు 2020 అక్టోబర్‌లో నేరుగా రోగులకే మెయిళ్లు పెట్టి, డబ్బివ్వకపోతే మీరు డాక్టరుతో చెప్పుకున్నదంతా బయటపెడతామని బెదిరించారు. ఆ సంస్థ దివాలా తీసింది.

మన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి. సరైన రక్షణ ఏర్పాట్లు లేనందుకు జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా వేయొచ్చు. పది పడకల నర్సింగ్ హోముకి అంత వేస్తారని కాదు, కానీ "మాది చిన్న క్లినిక్ సార్" అనే మాట ఇక జవాబు కాదు.

మారే రోజులూ, ఆగిపోయే రోజులూ

సోమవారం పొద్దున కొత్త సాఫ్ట్‌వేరు మొదలుపెట్టకండి. మన క్లినిక్‌లలో సోమవారం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఓపీ పలచగా ఉండే రోజు చూసుకుని, మొదటి వారం సగం మందినే తీసుకోండి. ఆదాయం తగ్గుతుంది, తప్పదు. పాత ఫైళ్లన్నీ స్కాన్ చేయించి పడేయడం డబ్బు దండగ. ముప్పై పేజీల పీడీఎఫ్‌లో ఎవరూ ఏదీ వెతకరు. దానికి బదులు దీర్ఘరోగులకు ఒక్కొక్కరికీ ఒక పేజీ రాయండి: ఉన్న జబ్బులు, వాడుతున్న మందులు, జరిగిన ఆపరేషన్లు, పడని మందులు. ఇది డాక్టరు చేయాల్సిన పని, టైపిస్టుది కాదు.

పాత కాగితాలను పాత పేపర్లవాడికి తూకానికి వేయకండి. మిరపకాయ బజ్జీల పొట్లం విప్పితే ఎవరిదో స్కానింగ్ రిపోర్టు కనపడడం మన ఊళ్లలో కొత్తేమీ కాదు. ఆస్పత్రిలో చేరినవాళ్ల రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి కనీసం మూడేళ్లు ఉంచాలి. పోలీసు కేసున్నవాటిని కేసు తేలేదాకా కదపకండి. గడువు తీరినవాటిని ముక్కలు చేయించాకే బయటికి పంపండి.

ఇక ఆగిపోయే రోజు. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లకు సైబర్ దాడి తగిలింది. ఐదు సర్వర్లు, 1.3 టెరాబైట్ల దాకా డేటా తాళం పడిపోయిందని ప్రభుత్వం పార్లమెంటుకి చెప్పింది. దాదాపు రెండు వారాలు అంత పెద్ద ఆస్పత్రిలో ఓపీ, ల్యాబు, బిల్లు అన్నీ చేత్తో రాసుకున్నారు. నెట్‌వర్కుని గదులుగా విడదీయకపోవడం లోపమని కూడా ఆ జవాబులోనే ఉంది. ఎయిమ్స్‌లో రాయడానికి మనుషులున్నారు. ఒక కాంపౌండరు, ఒక నర్సు ఉన్నచోట ఏం చేస్తారు?

అందుకని: వారపు బ్యాకప్ కాదు, రోజువారీ బ్యాకప్ కావాలి. ఒక ప్రతి క్లినిక్ బయట ఉండాలి, ఇంకొకటి కంప్యూటరుకి తగిలించి ఉండకూడదు. తగిలించి ఉన్న హార్డ్‌డిస్కుకీ అదే తాళం పడుతుంది. మూడు నెలలకోసారి ఆ బ్యాకప్‌లోంచి ఒక రోగి రికార్డు వెనక్కి తెచ్చి చూడండి. తెచ్చి చూడని బ్యాకప్ ఉన్నట్టు లెక్క కాదు. రోగుల కోసం పెట్టిన వైఫై వేరు, రికార్డుల కంప్యూటరు వేరు. ఆ కంప్యూటరులో సినిమాలు, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్లు వద్దు, ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవులు అసలే వద్దు. యూపీఎస్ ఉన్నా సరే, ఖాళీ ఓపీ చీటీల కట్ట ఒకటి సొరుగులో సిద్ధంగా ఉంచండి. కరెంటు వచ్చాక వాటిని ఎవరు ఎక్కించాలో ముందే తేల్చుకోండి, లేకపోతే ఆ రోజు ఎప్పటికీ ఎక్కదు. దాడి జరిగిందని అనుమానం వస్తే నెట్ కేబులు పీకేయండి, డబ్బు కట్టకండి, దాచిపెట్టకండి. కంపెనీలుగా నడిచే ఆస్పత్రులు ఇలాంటివాటిని ఆరు గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలపాలని 2022 ఏప్రిల్ నుంచి ఆదేశముంది.

సాఫ్ట్‌వేరు కొనేటప్పుడు ఒక్క ప్రశ్న అడగడం మర్చిపోకండి: రేపు మీ కంపెనీ మానేస్తే మా రోగుల రికార్డులు ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో మా చేతికి ఇస్తారు? నీళ్లు నమిలితే కొనకండి. ఉచితంగా ఇస్తామన్నవాడిని ఇంకా గట్టిగా అడగండి.

తెర ఎటు తిప్పాలి

అమెరికాలో 2009 చట్టంతో డాక్టర్లకు ప్రోత్సాహకాలిచ్చి కంప్యూటరు రికార్డుల్లోకి తెచ్చారు. అక్కడ పనిచేసే మన తెలుగు డాక్టర్లను అడిగితే, రోగి ముఖం కంటే తెరనే ఎక్కువ చూస్తున్నామనీ, మిగిలిన టైపింగు రాత్రి ఇంటికెళ్లి చేసుకుంటున్నామనీ వాపోతారు. మన దగ్గరా 2023 జనవరి నుంచి డిజిటల్ హెల్త్ ప్రోత్సాహక పథకం నడిచింది. రోగి ఆభా ఆరోగ్య ఖాతాకి లింకు చేసిన రికార్డుల లెక్కన డబ్బొస్తుందంటే కౌంటరులో వేగం పెరుగుతుంది, సరిచూడడం తగ్గుతుంది. సంఖ్య కోసం లింకు చేయకండి. తప్పు మనిషికి లింకైన రికార్డు ఆ మనిషి వెంట ఊరూరా తిరుగుతుంది.

నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది, పైసా ఖర్చు లేనిది. మానిటరుని గోడ వైపు కాకుండా రోగికి కూడా కనపడేలా పక్కకు తిప్పి పెట్టండి, రాసినదాన్ని తెలుగులో పైకి చదవండి. "షుగరుకి ఇది, పరగడుపున కాదు, తిన్నాక, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి." అప్పుడు ఆమె "నాకు షుగరు లేదే బాబూ" అంటుంది. ఏ సాఫ్ట్‌వేరు హెచ్చరికా దీనికి సాటి రాదు. పక్కన ఇంకో రోగి నిలబడి ఉంటే మాత్రం చదవకండి.

రోగులకు, వెంట వచ్చినవాళ్లకు

ఆభా అనే 14 అంకెల నంబరు తీసుకోవడం మీ ఇష్టం. లేదని వైద్యం నిరాకరించకూడదు. అది ఉచిత వైద్యం కార్డు కాదు. ఆరోగ్యశ్రీ వేరు, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ వేరు, ఆయుష్మాన్ కార్డు వేరు, ఇది వేరు. రికార్డులన్నీ ఒకచోట పోగుపడవు. ఏ ఆస్పత్రివి ఆ ఆస్పత్రిలోనే ఉంటాయి, మీరు ఒప్పుకుంటేనే ఇంకొకరికి కనపడతాయి. ఒప్పుకునేటప్పుడు ఏవి, ఎంతకాలం అన్నది చదవండి. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. మీరు కౌంటరు ముందు నిలబడి ఉన్నప్పుడు మీ పనికి వచ్చిన ఓటీపీ తప్ప, ఇంట్లో ఉండగా ఫోన్ చేసి హెల్త్ కార్డు అని అడిగినవాళ్లకు ఏ ఓటీపీ చెప్పకండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

అంతా కంప్యూటరులో ఉందని ఇంట్లో పాత ఫైలు పారేయకండి. ఆస్పత్రిలో చేరి వచ్చినవాళ్లు రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది నిబంధన, అడగడానికి మొహమాటపడకండి. ఈసారి చీటీ చేతికొచ్చాక గేటు దాటకముందే పేరు, వయసు, పడని మందు, మూడూ చూసుకోండి. చదువు రాకపోతే పక్కవాళ్లతో చదివించుకోండి. తప్పుంటే అక్కడే నిలబడి దిద్దించి, కొత్త చీటీ తీసుకునే కదలండి.